ఫ్లాస్కు మీద చెయ్యి

ఆమె పోయిందని నాకు నెల దాటాక తెలిసింది. అది కూడా జనగామలో ఒక గృహప్రవేశం భోజనాల దగ్గర, విస్తరిలో కోడికూర పడ్డాక. వడ్డించే మనిషి "నాటుకోడి సార్, ఒరిజినల్" అని గర్వంగా చెప్పి పక్క విస్తరికి జరిగాడు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఎముక పటుక్కున విరిగింది. పక్కన కూర్చున్న కొడకండ్ల రైతు పాత పరిచయస్తుడే, నా ముఖం చూసి నవ్వాడు.

"ఏం నాటుకోడి సారూ గిది! షెడ్డుల పెరిగిందే. అసలు కోడి గా అవ్వతోనే పాయె."

"ఏ అవ్వ?"

"గదే, కోళ్లను చెలకల తిప్పేటామె. నీకు ఎర్కలేదా? నెల దాటె గద."

నాకు ఎరుక లేదు. ఎరుక చేయడానికి ఆమెకు నా అనేవాళ్లు ఎవరున్నారు? కూర పక్కకు తోసి పెరుగన్నం కలుపుకున్నాను. అదీ దిగలేదు. చెయ్యి కడుక్కుని ఎవరితోనూ చెప్పకుండా ఇంటికొచ్చి పడుకున్నాను. నిద్ర పట్టలేదు, ఏడుపూ రాలేదు. రిటైరైన మనిషికి ఒంట్లో ఎప్పుడూ ఉండే అలసట ఒకటుంటుంది, ఆ రోజు అది రెండింతలయ్యింది.

నేను ముప్పై ఏళ్లు పశువుల దవాఖానలో కింది ఉద్యోగం చేశాను. డాక్టర్ని కాను. డాక్టరుగారు వచ్చేలోపల వచ్చేవాణ్ణి, ఆయన రాని రోజు కూడా వచ్చేవాణ్ణి. బచ్చన్నపేట, లింగాల ఘనపూర్, కొడకండ్ల, ఎటు బదిలీ చేస్తే అటు పోయి, ఊరూరా బర్రెలకూ మేకలకూ కోళ్లకూ సూదులు పొడిచాను. జనం మర్యాదకు డాక్టర్ సాబ్ అనేవారు. ఆమె మాత్రం మొదటి రోజే అడిగేసింది.

"నువ్వు సదువుకున్న డాక్టరువా బిడ్డా, సూది డాక్టరువా?"

"సూది డాక్టర్నే అవ్వా."

"గట్లయితె మంచిది. సదువుకున్నోళ్లు చెప్పి పోతరు. సూదోడు పని జేసి పోతడు."

ఆ మాటకు నేను చాలా రోజులు పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే తలవంపుగా ఉంటుంది.

ఆమెకు మనిషి వస్తే ముందు ముఖం చూసే అలవాటు లేదు, కాళ్లు చూసేది. ఆమె చెలక అంటే మెట్టచేను. దాని గెట్టు దగ్గర సగానికి కోసిన నీలం డ్రమ్ములో సున్నపు నీళ్లు ఉండేవి. అందులో కాళ్లు ముంచనిదే లోపల అడుగు పెట్టనిచ్చేది కాదు. కోళ్లకు రోగం గాలిలో రాదు, కాళ్లకు అంటుకుని వస్తుందని ఆమె నమ్మకం. సగం నిజమే. ఒకసారి ఊరి పెద్దమనిషి ఒకాయన కొడుకు పెళ్లి విందుకు కోళ్లు మాట్లాడదామని తెల్లటి బూట్లతో వచ్చాడు. "బూట్లు ఇప్పాల్నా అవ్వా?" అని అడిగాడు. "ఇప్పి దిగుతవో, బూట్లతోనే దిగుతవో నీ ఇష్టం. దిగుడైతె దిగాలె," అంది. ఆయన దిగాడు. ఆ సంగతి నేను చెప్పిన ప్రతిచోటా జనం పడీపడీ నవ్వేవారు. ఆమె మాత్రం ఆ రోజు నవ్వలేదు, ఆయన పోయేదాకా బూట్లనే చూస్తూ ఉంది.

ఆమెది రెండెకరాల చెలక. నాలుగు దిక్కులా పత్తి, నడుమ ఈమె భూమి ఒక్కటే గడ్డి. మా వైపు భూమి ఉండి పత్తి పెట్టకుండా, మక్క వేయకుండా పడావు ఉంచితే ఆ ఇంటి పరువు పోయినట్టే. భర్త పోయాక ఆమె ఆ పనే చేసింది. గడ్డి పండించే ఆసామి అని ఊరు వెక్కిరించింది. ఆమె ఆ గడ్డిలో నాలుగు అలసందలు, నాలుగు జీలుగలు చల్లి కోళ్లను తిప్పుకుంది. పక్క చేలవాళ్లు పత్తికి మందు కొట్టే రోజున మాత్రం కోళ్లను చెలక నడిమధ్యకు తెచ్చి, తాను గెట్టు మీద కర్ర పట్టుకుని నిలబడేది. అవతలి చేలో మందు తిన్న పురుగు ఇటు ఎగిరి వస్తే తన కోడి తింటుందని ఆమె భయం. ఒక్క మనిషి కర్ర పట్టుకుని పురుగులను ఎన్నిటిని ఆపగలదు? అయినా నిలబడేది.

ఆమె కోళ్ల గూళ్లు చూడాలి. బోరు వేసినప్పుడు మిగిలిన ఇనుప పైపులతో చేయించిన అడుగులేని పంజరం, పైన చేపల వల, వెనక రెండు పాత సైకిలు చక్రాలు. అలాంటివి నాలుగు. తెల్లవారగానే తాడు నడుముకు చుట్టుకుని ఒక్కో పంజరాన్ని దాని పొడవంత ముందుకు లాగేది. కోళ్లు లోపల నడుచుకుంటూ కొత్త గడ్డి మీదికి వచ్చేవి. ఎండ ఎక్కాక వాటిని బయటికి వదిలి, పొద్దు వాలకముందే మళ్లీ పిలిచి మూసేది. వదిలివచ్చిన జాగాలో ఒక చీపురుపుల్ల గుచ్చేది. ఇరవై ఒక్క రోజులు గడిచేదాకా ఆ పుల్ల దగ్గరికి కోడిని రానిచ్చేది కాదు.

"ఇరవై ఒకటే ఎందుకవ్వా?" అని అడిగాను. మా ఆఫీసులో పంచిన పుస్తకంలో వేరే లెక్క ఉంది.

"కోడి గుడ్ల మీద ఎన్ని దినాలు కూసుంటది?"

"ఇరవై ఒకటి."

"మరి గడ్డికి గూడ గన్ని దినాలు ఇయ్యద్దా? నీ పుస్తకంల గిది లేదా?"

లేదన్నాను. "అయితె రాస్కో," అంది. అప్పుడు రాసుకోలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

కోడిపిల్లల కోసం చెదలు పట్టేది. పాత కుండలో పేడ, తడి గడ్డి కుక్కి చెదల పుట్ట పక్కన బోర్లించి పెడితే మర్నాటికి కుండ నిండా తెల్లటి పురుగు. దాన్ని దులిపితే పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి తినేవి. ఆమె గొంతుక్కూర్చుని చూసేది. "తినుర్రి, తినుర్రి. రేపు మళ్ల నాకే పని," అనేది. లేస్తూ మోకాళ్లు పట్టుకుని "యాష్టకొచ్చింది బిడ్డా" అనేది.

అలిసిపోయానని చెప్పే ఈ మాట ఆమె నోట రోజుకు ఇరవై సార్లు వచ్చేది. విసుగుతో కాదు, మనం ఊపిరి వదిలినట్టు. పంజరం లాగి అదే మాట, నీళ్లు మోసి అదే మాట. "మానెయ్యరాదు అవ్వా, ఇన్ని కష్టాలెందుకు?" అంటే, "మానేస్తె ఇంక యాష్టకొస్తది," అనేది. ఆమె కూర్చుని తిన్నది నేను చూడలేదు. గిన్నె చేత్తో పట్టుకుని కోళ్ల వెంట నడుస్తూ తినేది.

కోడిని ఆరు నెలలు నిండనిదే ఇచ్చేది కాదు. భూపాలపల్లి నుంచి బొగ్గుబాయిలో పనిచేసే ఒకాయన బస్సులు మారి వచ్చేవాడు. భార్యకు పెద్ద ఆపరేషన్ అయ్యింది, ఒంట్లో సత్తువ లేదు, బాయిలర్ కోడి వద్దని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పారట. అవ్వ ఒక పెట్టను రెక్కలు కట్టి చేతికిస్తూ అరగంట పాఠం చెప్పింది. "కుక్కర్ల పెట్టకు. మూడు సీటీలకు ఉడికె కోడి గాదు గిది. కట్టెల పొయ్యి మీద పెట్టి నువ్వు పక్కకు కూసో. ఆమెకు తునకలు పెట్టకు, ముందుగాల పులుసు తాపు." రెండోసారి వచ్చినప్పుడు ఆయన్ను గెట్టు దగ్గరే ఆపి ఎముక సంగతి అడిగింది.

"బొక్క ఇరిగిందా?"

"లేదవ్వా. నమలలేక పండ్లు నొచ్చినయ్."

"గట్లుండాలె. తిరిగిన కోడి బొక్క గది. నీ ఇంటామె పులుసు తాగిందా?"

"తాగింది. ఇంకొంచెం కావాల్నని అడిగింది."

అవ్వ నా వైపు తిరిగి తలాడించింది. ఇంకొకరైతే ఆ మాటను పది మందికి చెప్పుకునేవారు. ఆమె వెళ్లి కోళ్లకు నీళ్లు పోసింది.

పిల్లలు లేరు. ఉన్న ఒక్క రక్తసంబంధం చెల్లెలు. బచ్చన్నపేట అవతల ఒక ఊళ్లో ఇచ్చారు. పొట్టి మనిషి, గలగలా మాట్లాడేది. ఆమె చెయ్యి మంచిదని పేరు. మా వైపు పొదుగుకొచ్చిన కోడి కింద గుడ్లు ఎవరు పడితే వాళ్లు పెట్టరు. చెయ్యి మంచిదన్న మనిషిని పిలిచి పెట్టిస్తారు. చెల్లెలు పెడితే ఒక్క గుడ్డు మురగదని తన ఊళ్లోనూ, చుట్టుపక్కలా అనేవారు, పిలిచి పీట వేసి కూర్చోబెట్టేవారు. అవ్వయితే కోడి పొదుగుకొచ్చినా చెల్లెలు వచ్చేదాకా నాలుగు రోజులు ఉత్త గంపలోనే కూర్చోబెట్టేది. "నా చెయ్యి లాగుడుకు పనికొస్తది. గుడ్లకు మా చెల్లె చెయ్యే," అనేది. ఆమె మెచ్చుకోగా నేను విన్న మనిషి ఆ చెల్లెలు ఒక్కతే.

ఇక నా సంగతికి వస్తాను. ఎంత దూరం పెట్టినా రావాల్సిందే.

కోళ్లకు కొక్కెర తెగులని ఒకటి వస్తుంది. మెడ మెలి తిరిగి, పచ్చగా పారి, వారంలో వాడకు వాడ ఖాళీ అవుతుంది. వచ్చాక మందు లేదు, ముందుగా వేసే టీకా ఒక్కటే దిక్కు. ఆ టీకా సీసా వంద కోళ్లకు వస్తుంది, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి, కలిపేదాకా మంచులో ఉండాలి. వేడి తగిలిందా, అది టీకా కాదు, నీళ్లు. ఊళ్లలో కోళ్లను ఎవరూ తేరు. సూదేస్తే గుడ్లు బందవుతాయంటారు. ఆమె ఉన్న ఊళ్లో మాత్రం నేను వెళ్లేసరికి అన్నీ సిద్ధంగా ఉండేవి. చీకటి విడకముందే ఇల్లిల్లూ తిరిగి, "గంప లేపకుర్రి, సూది సారు వస్తుండు," అని అరిచేది. గంప లేపాక కోడిని పట్టడం ఎవరి తరం? తన కోళ్ల వరకు వేయించుకోక ఊరి బరువంతా ఎందుకని అడిగితే, "నా కోళ్లు నా చెలకల ఉంటయ్. రోగం ఊరంత తిరుగుతది గద," అంది.

నేను బండి ఆపగానే వచ్చి ఫ్లాస్కు మూత తీయించేది. దాని నోటి మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసి, ఒక్క క్షణం ఆగేది. "సల్లగున్నది. ఇగ కానీ," అనేది. ఎన్నేళ్లయినా ఒక్కసారి కూడా ఆ పని మరవలేదు.

ఏడేళ్ల కింద, శివరాత్రి ముందు. దవాఖానలో ఫ్రిజ్ పాడైంది. మంచుగడ్డ కోసం సోడా దుకాణానికి పోవాల్సింది. టీకాలకు వెళ్లే ముందు రోజు మూడు ఊళ్లు తిరిగి వచ్చాను, పొద్దున పోదాంలే అని పడుకున్నాను. పొద్దున దుకాణం తెరవలేదు. ఫ్లాస్కు మూత తీసి చూస్తే లోపల మంచు లేదు, గోరువెచ్చని నీళ్లున్నాయి. సీసాలు అందులో తేలుతున్నాయి.

వెళ్లి ఆ మాటే చెప్పి, ఇంకో రోజు వస్తానందామనుకునే బండి తీశాను. నిజంగానే అనుకున్నాను. కానీ అక్కడ బడి ముందు ఊరు ఊరంతా గంపలతో కూర్చుని ఉంది. ఎన్నడూ కోడిని తేని ఇళ్లవాళ్లు కూడా వచ్చారు. వాళ్ల నడుమ ఆమె, కొంగు నడుముకు చుట్టి, చంకల్లో చెరో పుంజుతో నిలబడి ఉంది. అంత సంతోషంగా ఆమెను నేను ఎన్నడూ చూడలేదు.

"సూడు బిడ్డా! ఒక్క ఇల్లు ఇడువలే."

పుంజులను ఎవరికో ఇచ్చి, చెయ్యి చాపుకుంటూ ఫ్లాస్కు దగ్గరికి వచ్చింది.

"టైం లేదవ్వా, ఎండ వస్తుంది. ముందు ఆ పుంజులు పట్టు," అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ పుంజును పట్టి రెక్క విప్పింది. రెండు గంటల పాటు ఊరి కోళ్లన్నిటికీ నేను నీళ్లు పొడిచాను. కొంచెమైనా పనిచేస్తుందిలే అనుకున్నాను. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో చాలా పనులు ఈ 'లే' మీదే నడిచాయి.

పదిహేను రోజుల తర్వాత ఆ ఊళ్లో ఎవరిదో బర్రె ఈనలేకపోతుంటే వెళ్లి, తిరిగి వస్తూ ఆమె చెలక దగ్గర ఆగాను. అప్పుడే చెల్లెలు బస్సు దిగి వచ్చింది. చేతిలో గంప, గంపలో ఎర్రటి పెట్ట.

"అక్కా, మా వాడల కోళ్లన్ని పోతున్నయే. గిదొక్కటే మిగిలింది. నీ గడ్డి మీద బత్కుతదని తెచ్చిన."

వాడలో రోగం వస్తే మిగిలిన కోడిని బతికించుకోవడానికి చుట్టాల ఊరికి పట్టుకుపోవడం మా జనం అలవాటు. కోడితో పాటు రోగం కూడా బస్సెక్కుతుందని ఊరూరా చెప్పాను, చెవిన పెట్టినవాళ్లు లేరు. అవ్వకు మాత్రం అది నాకంటే బాగా తెలుసు. చెల్లెలి కాళ్లు చూసింది. గంపలో పెట్టను చూసింది. వేరేవాళ్లయితే గెట్టు అవతలి నుంచే పంపేసేది. తోడబుట్టిన మనిషి చేత్తో తెచ్చిన కోడిని వెనక్కి పొమ్మనడం ఎట్లా? అట్లా అన్నవాళ్లు మా వైపు లేరు. ఆమె నా వైపు తిరిగింది.

"మన కోళ్లకు మందు పడ్డది గద బిడ్డా?"

"కొన్నాళ్లు వేరేగా ఉంచు అవ్వా," అన్నాను.

చెల్లెలి ముఖం చిన్నబోయింది. అవ్వ మళ్లీ అడిగింది. "నాకు సక్కగ చెప్పు. మందు పడ్డదా, లేదా?"

"పడ్డది," అన్నాను.

ఆమె గంప అందుకుంది. "రా చెల్లె, కాళ్లు కడుక్కో," అంది. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ నవ్వుకుంటూ లోపలికి పోయారు. నేను బండి తీసుకుని వచ్చేశాను. దారి పొడుగునా వెనక్కి తిప్పుదామా అనుకుంటూనే వచ్చాను.

మరో వారానికి ఫోన్ వచ్చింది. నేను వెళ్లేసరికి గుంత తవ్వి ఉంది. అవ్వ ఒక్కో పంజరం నుంచి చచ్చిన కోళ్లను తెచ్చి, గుంతలో పెట్టి, సున్నం చల్లుతోంది. విసరడం లేదు, పెడుతోంది. ఊళ్లో కూడా సగానికి పైగా పోయాయి. గుంత చుట్టూ జనం చేరారు. ఎవరో అరిచారు, సూదేసే చంపారని. ఇంకొకరు నా బండి తాళం లాక్కున్నారు. ఆమె సున్నపు చేతులతో వచ్చి నాకూ వాళ్లకూ నడుమ నిలబడింది.

"సారు తప్పేం లేదు. ఎన్నేండ్ల సంది ఏస్తున్నడు, ఎన్నడన్న గిట్లయిందా? రోగం నా చెల్లె చేతులకెల్లి వచ్చింది. నేనే తీస్కున్న. ఎవలన్న ఏమన్న అనేదుంటె మమ్ముల అనుర్రి."

నేను ఆమె వెనక సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. నేను తెరవలేదు. తాళం చేతికిచ్చారు, వచ్చేశాను.

ఆ మాట చెల్లెలి ఊరికి మర్నాడే చేరింది. ఆ మనిషి చెయ్యి మంచిది కాదన్నారు. గుడ్లు పెట్టమని పిలవడం మానేశారు. తర్వాత ఆమె చేతి నుంచి విత్తనం తీసుకోలేదు, పాలల్లోకి తోడు తీసుకోలేదు. ఆ ఊరు నేను తిరిగే ఊళ్లలోదే, అన్నీ నా చెవిన పడేవి. అక్క మాట్లాడదు, ఈమె అక్క గడప తొక్కదు.

అవ్వ మళ్లీ మొదలుపెట్టింది. మహబూబాబాద్ వైపు ఎవరినో పట్టుకుని గుడ్లు తెప్పించింది, తన చేతులతోనే పొదగేసింది. సగం మురిగాయి. మళ్లీ పెట్టింది. నేను ఆరు నెలలకోసారి వెళుతూనే ఉన్నాను, ఫ్లాస్కు నిండా మంచు కుక్కుకుని. ఆమె అరచెయ్యి ఆనించి "సల్లగున్నది" అన్నప్పుడల్లా నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించేది. ఒకటి రెండు సార్లు నా బదులు వేరేవాళ్లను పంపాను. మర్నాడే ఫోన్ చేసి, "ఒంట్ల మంచిగున్నదా బిడ్డా?" అని అడిగింది.

రిటైరయ్యే ముందు చివరిసారి వెళ్లినప్పుడు ఆమె పంజరం లాగుతోంది. తాడు రెండో కొస నేను పట్టుకున్నాను.

"అవ్వా, నీ చెల్లెతో మాట్లాడరాదూ."

"ఎట్ల మాట్లాడుదు? ఊరి కోళ్లన్ని పాయె. నేను మాట్లాడితె, ఊరోళ్ల ముందట అన్న మాట ఏం గావాలె?"

"తప్పు ఆమెది కాకపోతే?"

ఆమె లాగడం ఆపింది. ఎప్పుడూ కాళ్లు చూసే మనిషి నా ముఖంలోకి చూసింది.

"మరి ఎవలిది?"

ఆమె నిజంగానే అడిగింది. నేను చెబితే ఆ పూటే బస్సెక్కి చెల్లెలి దగ్గరికి పోయేది. నాకు ఇంకా పదకొండు రోజుల ఉద్యోగం ఉంది.

"రోగానిది అవ్వా," అన్నాను.

"గంతేనా," అని మళ్లీ తాడు అందుకుంది. "జర గట్టిగ గుంజు. యాష్టకొచ్చింది."

ఆమెను చూడటం అదే ఆఖరు.

గృహప్రవేశం భోజనం తర్వాతి రోజు పొద్దున బండి తీశాను. ఈ ఎండలో ఎక్కడికని నా భార్య అడిగింది. బచ్చన్నపేట వైపు పనుందని చెప్పాను. చెల్లెలి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. అరుగు మీద ఒక్కతే కూర్చుని పత్తికాయలు ఒలుస్తోంది. గలగలా మాట్లాడే మనిషి అని ఇప్పుడెవరూ అనరు. నన్ను గుర్తుపట్టింది.

"సూది సారు గద? మా అక్క పాయె సారూ."

"తెలిసిందమ్మా. చావుకు నువ్వు పోయినవా?"

"పోయిన. నన్ను సూసి మనుషులు పక్కకు జరిగిండ్రు. తోవ ఇడుస్తున్నరనుకున్న. తోవ గాదు. నా కొంగు తాకుతదని జరిగిండ్రు."

కూర్చోకుండానే చెప్పాను. ఫ్రిజ్ పాడవడం, మంచు కరగడం, అక్క చెయ్యి చాపితే పక్కకు మళ్లించడం, మందు పడ్డదా అని అడిగితే పడ్డదనడం, గుంత దగ్గర నోరు మూసుకోవడం. ఏడేళ్లు మోసిన సంగతి రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆమె పత్తికాయ చేతిలో పట్టుకుని విన్నది.

"మంచు కరిగిందని తెల్సే ఏసినవా?"

"తెలిసే వేశాను."

"మంచి మందు పడితె, నా కోడి పోయినా అక్క కోళ్లు బత్కునా?"

"చాలా మటుకు బతికేవి."

"మా అక్కకు తెల్సా?"

"తెల్వదు."

తిడుతుందని తల వంచుకుని ఉన్నాను. తిట్టించుకోవడం కోసమే వచ్చానేమో కూడా. ఆమె తిట్టలేదు. లోపలికి తిరిగి కోడలిని కేకేసింది. పిండి చేతులతో ఆ అమ్మాయి గడపలోకి వచ్చింది.

"ఇంకోపారి చెప్పు సారూ. ఈ పిల్ల ఇనాలె. నా చేతి తోడు ఏస్తె పాలు ఇరుగుతయని పక్కింటికి పోయి తెచ్చుకుంటది."

మళ్లీ మొదటి నుంచి చెప్పాను. కోడలు తల దించుకుంది. నేను ఇక వెళతానన్నాను. "ఆగు," అని చెల్లెలు పక్కింటికి పోయి ఒక ముసలామెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "అప్పుడు పీట మీదకెల్లి లేపినవు గద నన్ను, ఇను," అంది. మూడోసారి చెప్పాను. అప్పటికి ఎదురింటివాళ్లు గోడ దగ్గరికి చేరారు. నాలుగోసారి చెబుతుంటే గొంతు ఆరిపోయింది. కోడలు చెంబుతో నీళ్లిచ్చింది. తాగి, ఎండ ముదిరిందని, పొద్దు పోతుందని ఏదో అనబోయి మానుకున్నాను.

"ఇంకెవరున్నారమ్మా?" అన్నాను.

ఆమె పత్తి చేట పక్కకు నెట్టి, చెప్పులు వేసుకుంటోంది.

"ఇయ్యాల మా వాడ," అంది. "రేపు పొద్దుగాల మా అక్క ఊరికి పోదాం. ఆడనే గద సారూ, నువ్వు నోరు మూస్కున్నది."